ఆరు బై మూడు

డోంగ్లి నుంచి మా మేనత్త ఫోను చేసింది. పత్తి పైసలు పడ్డాయట. ఇంట్లోకి ఒక పరుపు తీసుకోవాలనుకుంటోంది. రెండు కాదు, ఒక్కటే.

"ఎవరికోసం అత్తా?" అన్నాను.

"ఎవరికేంది బిడ్డా, ఇంటికి."

ఈ అధ్యాయానికి ఆ జవాబే మూలం. పరుపుల దుకాణంలో కాలు పెట్టగానే వినపడే మొదటి ప్రశ్న "సింగిలా, డబులా?" రెండోది "ఎంతలో చూపించమంటారు?" పరుపు మీద పడుకునే మనిషి ఒక్కడేననీ, ఏడాది పొడుగునా వాడే పడుకుంటాడనీ, వాడికి ఏ నొప్పీ లేదనీ ఆ దుకాణం లెక్క. మన ఇళ్ళు అట్లా ఉండవు. సింగిల్ పరుపు పేరుకే సింగిల్. పిల్లవాడి చదువుకని కొన్నది వాడు హాస్టలుకు పోగానే అవ్వ మంచం ఎక్కుతుంది. కాన్పుకొచ్చిన ఆడపిల్ల కోసం నేల మీదికి దిగుతుంది. పండక్కి చుట్టాలొస్తే ముందుగదికి వస్తుంది. ఎవరికన్నా కాలు విరిగితే అద్దెకు తెచ్చిన ఆస్పత్రి మంచం మీదికీ అదే పోతుంది. ఇంట్లో ఇన్ని చేతులు మారే వస్తువు బిందె తర్వాత పరుపేనేమో.

కాగితం తీసుకొమ్మన్నాను అత్తను. మనుషుల పేర్లు కాదు, రాత్రుల లెక్క రాయమన్నాను. కాగితం వద్దంది, వేళ్ళ మీదనే చెప్పింది. మామకు నడుము నొప్పి, మధ్యాహ్నం కూడా ఒక గంట వాలుతాడు. శనగ, జొన్న చేతికొచ్చే రోజుల్లో అడవిపందుల కావలికి చేన్లోనే పడుకుంటాడు. అత్తకు మోకాళ్ళు. మనవడు బాన్సువాడలో ఇంటర్, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతాడు. దెగ్లూరుకు ఇచ్చిన చిన్నబిడ్డకు ఏడో నెల, కాన్పుకు వస్తుంది, వస్తే అయిదు నెలలకు తక్కువ కాదు. చుట్టాలంటారా, దసరాకు, దీపావళికి, పెళ్ళిళ్ళకు కలిపి ఏడాదికి పది రాత్రులు.

అత్త మనసులో ఉన్నది మనవడు. "పోరడు సదువుకుంటుండు, పాపం నేల మీద పంటుండు" అన్నది ఫోనులో మొదట. లెక్క వేస్తే మనవడికి వారానికి రెండు రాత్రులు, సెలవులు కలిపినా ఏడాదికి నూట ముప్పై దాటవు. చిన్నబిడ్డకు నూట యాభై రాత్రులు, వాటికి తోడు పగళ్ళు కూడా. బాలింత రోజుకు ఎన్ని గంటలు ఒరుగుతుందో ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మిగిలిన రోజుల్లో అది మామ నడుము కిందికే చేరుతుంది. ఎవరి పేరు చెప్పి కొంటున్నామో వాడి వాటాయే ఎక్కువ కాదు. ఏ ఇంట్లో లెక్క వేసినా దాదాపు ఇట్లాగే తేలుతుంది. ప్రేమ ఒక మనిషి మీద ఉంటుంది, గంటలు ఇంకొకరి దగ్గర ఉంటాయి.

అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఎక్కువ గంటలు పడుకునే మనిషిదే మొదటి ఓటు. పరుపు మీంచి లేవడానికి అందరికన్నా ఎక్కువ కష్టపడే మనిషికి 'ఇది వద్దు' అనే హక్కు. మిగతావాళ్ళు సర్దుకుంటారు, పద్దెనిమిదేళ్ళ మనవడు గడ్డివాము మీదైనా నిద్రపోతాడు.

*

అత్త ఊరు డోంగ్లి గురించి కొంచెం చెప్పాలి. తెలంగాణకు పడమటి అంచు, అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక. నల్లరేగడి, పత్తి, సోయా. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు నిజామాబాద్ పోయి కామారెడ్డి వచ్చింది. 2022లో మద్నూర్ మండలం నుంచి విడదీసి డోంగ్లినే మండలం చేశారు, రెవెన్యూ డివిజన్ బాన్సువాడ. మా అత్త ఇల్లు ఉన్నచోటే ఉంది, అడ్రసు మాత్రం రెండుసార్లు మారింది. పరుపు బిల్లు మీద, వారంటీ కార్డు మీద ఆధార్‌లో ఉన్న పాత అడ్రసు పడితే రేపు కంపెనీ మనిషి మద్నూరులో వెతుక్కుంటాడు. ఇది కూడా రాయించుకునేటప్పుడు చూడాల్సిందే.

ఇక్కడి వాళ్ళకు పరుపు అన్నా తెలుసు, గద్దా అన్నా తెలుసు. దెగ్లూరు అంగట్లో మరాఠీలో గాదీ అంటారు, ఔరాద్ వైపు చుట్టాలు హాసిగె అంటారు. మన బొంతే మరాఠీలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు చేతికుట్టు వేస్తూ పోతారు. పరుపు లెక్కలో ఈ బొంతను ఎవరూ లెక్కపెట్టరు. నేను పెడతాను, కాసేపట్లో.

ఇంకొక విచిత్రం. చుట్టూ పత్తి, మద్నూరులో జిన్నింగ్ మిల్లులు, ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోళ్ళు. అయినా పత్తి అమ్మిన పైసలతో ఫోము పరుపు కొంటారు. మొదట్లో నాకిది వెర్రిగా కనిపించేది. లెక్క వేసి చూశాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పరుపుకు కనీసం పది పన్నెండు కిలోల దూది కావాలి. క్వింటాలు పత్తి మిల్లులో ఆడిస్తే గింజ పోను ముప్పైమూడు, ముప్పైనాలుగు కిలోల దూది మిగులుతుంది. అంటే పన్నెండు కిలోల దూదికి ముప్పై అయిదు కిలోల పత్తి. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. గింజల విలువ పక్కన పెడితే 2,800 రూపాయల పైచిలుకు సరుకు ఒక్క పరుపులో పోయాలి. గుడ్డ, ఏకే కూలి, కుట్టు కూలి వేరే. పైగా నూలుకు పనికొచ్చే పొడుగు పింజను ఎవరూ పరుపులో పోయరు, పోయక్కర్లేదు కూడా. పరుపుకు మిల్లు దగ్గర మిగిలిన పొట్టి దూది చాలు. రైతు పత్తి అమ్ముకోవడం తెలివితక్కువ కాదు. దూది పరుపును పూర్తిగా మరిచిపోవడమే నష్టం.

ఎందుకంటే దూది పరుపును మళ్ళీ కొత్తది చేయొచ్చు. రెండు మూడేళ్ళకు అది రొట్టెలా అణిగి గడ్డలు కడుతుంది. అప్పుడు విప్పి, ఏకించి, అదే దూదిని కొత్త గుడ్డలో నింపుకోవచ్చు. అణిగిన ఫోమును ఏకేవాడు ఎవడూ లేడు.

చిన్నప్పుడు అత్త ఇంటి వాకిట్లో చూసిన దృశ్యం ఇంకా కళ్ళముందుంది. మనిషికన్నా పొడుగైన విల్లు, దానికి బిగించిన నరం, చేతిలో డమరుకం ఆకారపు కట్టె. కట్టెతో నరాన్ని లాగి వదిలితే 'ట్వంగ్' అని మోగేది, గడ్డకట్టిన దూది ఆ మోతకు విచ్చుకుని మబ్బులా లేచేది. ఏకడం అయ్యాక దూదేకే మనిషి గుడ్డ సంచిని తిరగేసి పరిచి, దాని మీద దూది పొరలు పొరలుగా పరిచేవాడు. ఒక మూల నుంచి మొత్తాన్నీ చాపలా చుట్టి, సంచిని దాని మీదికి తిప్పేసేవాడు. విప్పేసరికి దూది లోపల, గుడ్డ పైన. ఎట్లా జరిగిందో మాకు అర్థమయ్యేది కాదు, మళ్ళీ చెయ్యమని అడిగేవాళ్ళం. తర్వాత సన్నని కర్రతో అంతటా సమంగా కొట్టి, దబ్బనంతో జానెడు జానెడుకు టాకా వేసేవాడు. ఆ టాకాలే పరుపు ప్రాణం. అవి దూరందూరంగా పడితే ఆరు నెలల్లో దూది కాళ్ళ వైపు జారుతుంది.

దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని ఆ వృత్తివాళ్ళకు ఎన్నో పేర్లు. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య ఆ ఇంటి బిడ్డే. ఇప్పుడు విల్లు పోయి మిషను వచ్చింది. టెంపో మీద పెట్టుకుని ఊళ్ళ వెంట తిరుగుతారు. మోత ఎక్కువ, దుమ్ము ఎక్కువ, పని గంటలో అయిపోతుంది. ఏకించేటప్పుడు ఉబ్బసం ఉన్నవాళ్ళను ఆ పూట ఇంకో ఇంటికి పంపండి.

*

ఇప్పుడు అసలు మాట. ఒకే పరుపు నలుగురికి సరిపోవాలంటే అది గట్టివైపు ఉండాలి. గట్టి పరుపు మీద బొంత వేసి మెత్తగా చేసుకోవచ్చు. మెత్తటి పరుపు కింద ఏం పెట్టినా అది గట్టిపడదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. రెండేళ్ళ కింద మా నాన్నకని ఎనిమిది అంగుళాల మెమరీ ఫోము పరుపు తెప్పించాను. దుకాణంలో చెయ్యి పెట్టి నొక్కితే వేళ్ళ గుర్తులు నెమ్మదిగా మాసిపోతుంటే ముచ్చటేసింది. నాన్న మొదటి రాత్రి బాగుందన్నాడు. పదిహేను రోజులకు పక్కకు తిరగాలంటే గుంతలోంచి తిరిగినట్టుంది అన్నాడు. మే నెల వచ్చేసరికి చాప పరుచుకుని కిందికి దిగాడు. తర్వాత తెలిసింది, ఆ ఫోము తయారీలోనే ఉంది కిటుకు. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం, విమానం సీట్లలో కుదుపు తట్టుకోవడానికి పుట్టిన పదార్థం అది. వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. ఏసీ గదిలో ఒద్దికగా ఉంటుంది. నలభై మూడు డిగ్రీల ఎండకు కాలిన స్లాబు కింద గదిలో అది జావ. తిరిగి తీసుకోమని దుకాణానికి ఫోను చేస్తే కవరు విప్పాక కుదరదన్నారు. ఆ పరుపు ఇప్పుడు మా ఇంట్లో సామాన్ల గదిలో నిలబడి ఉంది, పెళ్ళికి పిలవని చుట్టంలా.

అట్లాగని రాయిలాంటిది కొనమనడం లేదు. నడుము నొప్పికి చెక్కబల్లే మందని మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది. స్పెయిన్ డాక్టర్లు దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు గుంపులు చేసి, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి తొంభై రోజులు చూశారు. 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది: మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము వంపు కింద మీ అరచెయ్యి దూర్చి చూడండి. చెయ్యి ఇటు నుంచి అటు తేలిగ్గా జారిపోతే పరుపు మరీ గట్టి. చెయ్యి దూరకపోతే మరీ మెత్తన. కొంచెం రాచుకుంటూ దూరితే సరిగ్గా ఉంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి నొక్కుకుపోయి తిమ్మిరెక్కితే ఒక బొంత తక్కువైందని అర్థం. బొంతను లెక్కపెడతానన్నది ఇందుకే. రెండు మడతలు వేస్తే మెత్తన, ఒక మడతైతే మధ్యరకం, తీసేస్తే గట్టి. కంపెనీలవాళ్ళు అటుతిప్పితే గట్టి ఇటుతిప్పితే మెత్తన అని రెండు వైపుల పరుపు అమ్ముతున్నారు. మా అత్త దగ్గర మూడు రకాలది ఎప్పటి నుంచో ఉంది.

ఈ పరీక్షకు దుకాణంలో పది నిమిషాలు పడుకోవాలి. మనకు సిగ్గు. అంగట్లో నలుగురి ముందు పడుకోవడమేంటని అంచున కూర్చుని రెండుసార్లు ఎగిరి చూసి "బాగుంది, కట్టెయ్" అంటాం. కూర్చుంటే బరువంతా ఒక్కచోట పడుతుంది, దాన్ని బట్టి పడక గురించి ఏమీ తెలియదు. చెప్పులు విప్పి పడుకోండి. వద్దనే దుకాణంలో కొనకండి.

*

ఫోము కొనేటప్పుడు డెన్సిటీ అనే మాట వినపడుతుంది. ఇరవైనాలుగు, ముప్పై రెండు, నలభై అంటారు. ఒక ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె. గట్టిదనానికీ దానికీ నేరుగా సంబంధం లేదు, నలభై డెన్సిటీలోనూ మెత్తనివి ఉంటాయి. ఎన్నేళ్ళు అణగకుండా నిలుస్తుందన్నదానికి మాత్రం అది మంచి గుర్తు. కంటికి ఇరవైనాలుగు, నలభై ఒకేలా కనిపిస్తాయి, పైన గుడ్డ కుట్టేస్తే దేవుడికి కూడా తెలియదు.

కాంటాకు తెలుస్తుంది. ఆరడుగులు, మూడడుగులు, నాలుగు అంగుళాల మందం ఉన్న ఫోముకు చిన్న సూత్రం: డెన్సిటీ అంకెను ఆరుతో భాగిస్తే దాదాపు దాని బరువు కిలోల్లో వస్తుంది. నలభై అయితే ఏడు కిలోలకు కాస్త తక్కువ. ముప్పై రెండైతే అయిదున్నరకు దగ్గర. ఇరవైనాలుగైతే నాలుగే. అయిదంగుళాలదైతే వచ్చినదానికి పావు వంతు కలపండి. పై గుడ్డ బరువు ఒక కిలో అటూ ఇటూ వదిలేయండి. నలభై అని చెప్పి అమ్ముతున్న పరుపు నాలుగున్నర కిలోలు తూగితే మాట్లాడాల్సింది ఏమీ లేదు, లేచి రావడమే. మార్కెట్లో పత్తి బోరం తూకంలో వంద గ్రాములు తగ్గితే గొంతెత్తే మన రైతు పరుపును ఒక్కసారి కూడా కాంటా ఎక్కించడు. ఈ మాట చెప్పగానే అత్త "అవు గదా" అని కాసేపు మాట్లాడలేదు.

ఫోము ముక్కల్ని అతికించి ఒత్తి చేసే రీబాండెడ్ ఫోము మామూలు ఫోముకు రెండింతలకు పైగా బరువు, బాగా గట్టి, ధర తక్కువ. అడుగున రెండు అంగుళాలు అది, పైన రెండు అంగుళాలు మామూలు ఫోము ఉన్నది ఇంటిల్లిపాదికీ చెల్లే పరుపు. కొబ్బరిపీచుకు రబ్బరు పట్టించి చేసే కాయర్ పరుపులో గాలి ఆడుతుంది, ఎండాకాలం హాయి. కానీ పసిపిల్లలున్న ఇంట్లో దాని గతి చెప్పలేం. లోపలికి తడి పోతే ఆరదు, వాసన పోదు, ఏళ్ళు గడిచేకొద్దీ పడుకున్న చోట గుంత కూడా పడుతుంది. స్ప్రింగు పరుపుల జోలికి పోవద్దు. అవి చెడ్డవని కాదు. వాటిని చుట్టలేరు, మడవలేరు, ఒక్క మనిషి మెట్లెక్కించి డాబా మీదికి తీసుకుపోలేడు. చేతులు మారే పరుపుకు ఒంటిచేత్తో కాకపోయినా ఒంటిమనిషితో కదిలే గుణం ఉండాలి. మూడు మడతల ఫోము పరుపు ఆ పని బాగా చేస్తుంది, మడత సందు నడుము కిందికి రాకపోతే సరే.

*

బాలింత సంగతి. ఆమెకు బొంత వేసి మెత్తగా చేయండి, నాలుగు దిండ్లు ఇవ్వండి, ఆమె ఇష్టం. పసిగుడ్డుకు మాత్రం ఇవేవీ వద్దు. గట్టిగా, చదునుగా ఉన్న పక్క, వెల్లకిలా పడుకోబెట్టడం, ముఖం దగ్గర దిండు గానీ బొంత గానీ లేకపోవడం. పిల్లల డాక్టర్లు ప్రపంచమంతటా చెప్పేది ఇదే. మెత్తటి ఫోములో బిడ్డ ముఖం కూరుకుపోతే పక్కకు తిప్పుకునే బలం దానికి ఉండదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి పెట్టే పెద్దవాళ్ళతో తగవు పెట్టుకోవడం కష్టమే, అయినా పెట్టుకోండి. తల్లి పరుపు పక్కనే నేల మీద చాప, దాని మీద ఒక్క మడత దుప్పటి బిగుతుగా పరిచి బిడ్డను దాని మీద వేయడం మేలు. తల్లి చెయ్యి చాపితే అందేంత దూరం చాలు.

మంచాన పడ్డ పెద్దవాళ్ళకు పరుపు ఎంత మంచిదైనా అదొక్కటే చాలదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి మీద, మడమల మీద పుండ్లు పడతాయి. మోటారుతో గాలి నిండుతూ తగ్గుతూ ఉండే ఎయిర్ బెడ్డు మందుల దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని ఉత్త మంచం మీద కాక పరుపు మీద పరవాలి. ఇక్కడే ఆరు బై మూడు కొలత అక్కరకొస్తుంది. ఆస్పత్రి మంచాలు, వాటి మీది ఎయిర్ బెడ్డులు దాదాపు ఆ వెడల్పులోనే ఉంటాయి. రేపు మనవడి పెళ్ళయితే ఇంకొక ఆరు బై మూడు పక్కన చేర్చితే ఆరు బై ఆరు డబుల్ బెడ్డు. రెండున్నర అడుగులది గానీ నాలుగు అడుగులది గానీ కొంటే ఈ సౌకర్యం పోతుంది. పొడవు విషయంలో ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషిని నిలబెట్టి కొలిచి, దానికి అరడుగు కలపండి. అయిదడుగుల ఎనిమిది అంగుళాల పోరడుంటే డెబ్బై రెండు అంగుళాలు చాలవు, డెబ్బై అయిదుది తీసుకోండి.

మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మెత్తన, గట్టి కన్నా ఎత్తు ముఖ్యం. అంచున కూర్చుంటే అరికాళ్ళు నేలకు ఆనాలి, మోకాళ్ళు తుంటికన్నా పైకి లేవకూడదు. మా అత్త పొట్టి మనిషి. ఆమె ఇనుప మంచం పద్నాలుగు అంగుళాలు, దాని మీద నాలుగంగుళాల పరుపు వేస్తే పద్దెనిమిది, సరిపోయింది. అదే దుకాణంవాడు అంటగట్టబోయిన ఎనిమిదంగుళాలది వేస్తే కాళ్ళు గాల్లో వేలాడేవి.

మంచం గురించి ఎవరూ ఆలోచించరు. నులక మంచం మీద ఫోము వేస్తే అది ఉయ్యాల అవుతుంది. నులకకు దూది పరుపో బొంతో తప్ప ఇంకొకటి పొసగదు. నవారుకూ అంతే. ఇనుప మంచం పట్టీల మధ్య నాలుగు వేళ్ళకన్నా ఎక్కువ సందుంటే ఫోము ఆ సందుల్లోకి దిగి ఏడాదిలో పాడవుతుంది, ఒక ప్లైవుడ్ పలక కోయించి పరిచేయండి. నేల మీద వేసేవాళ్ళు కింద చాప పరిచి, పొద్దున లేవగానే పరుపును గోడకు నిలబెట్టాలి. వర్షాకాలంలో వారం రోజులు ఎత్తకుండా వదిలిన పరుపు అడుగు చూడండి, నల్లగా బూజు పట్టి ఉంటుంది.

గుడ్డ కవరుకు జిప్పు ఉండాలి, తీసి ఉతుక్కునేలా. లోపల ఒక పల్చటి తడి పట్టని షీటు వేసుకోవచ్చు. కానీ కంపెనీ వేసి పంపిన ప్లాస్టిక్ కవరును అట్లాగే ఉంచి పడుకోవడం మాత్రం వద్దు. చెమట పోయే దారి లేక ఒళ్ళు పేలుతుంది, నిద్ర పట్టదు, పరుపు మంచిది కాదని తిడతాం. చుట్ట చుట్టి డబ్బాలో వచ్చే పరుపునైతే విప్పి ఒకటి రెండు రోజులు వదిలేస్తే గానీ పూర్తి మందానికి రాదు. పాత పరుపులకు నల్లులు పడితే మందు కొట్టేముందు కవరు, దుప్పట్లు మరిగే నీళ్ళలో వేయండి. పరుపు కుట్ల సందులు, మంచం కీళ్ళు చీపురుపుల్లతో గీకి చూడండి. వాటి కాపురం అక్కడే.

*

చివరికి అత్త నాలుగంగుళాలదే కొన్నది. అడుగు రీబాండెడ్, పైన రెండంగుళాల ఫోము, జిప్పు కవరు. దుకాణంలో కాంటా లేదంటే పక్కనున్న కిరాణావాళ్ళ కాంటా మీద పెట్టించిందట. ఇది రెండు రకాల ఫోము కాబట్టి ఆరుతో భాగించే సూత్రం సగానికే పని చేస్తుందని నేను ముందే లెక్క కట్టి చెప్పాను: అడుగు సగం ఏడు కిలోల దాకా, పైసగం మూడున్నర, కవరు ఒక కిలో. పదకొండుంబావు తూగింది. దుకాణాయన "ఇరవై ఏళ్ళ నుంచి అమ్ముతున్న, ఎవ్వలు గిట్ల తూకం పెట్టలే అమ్మా" అన్నాడట. "పత్తి అమ్మేటోళ్ళం" అన్నదట అత్త.

దాంతోపాటు మద్నూరు నుంచి అయిదు కిలోల దూది తెచ్చి, టెంపో మిషను వచ్చిన రోజు ఏకించి, పల్చటి దూది పరుపు ఒకటి కుట్టించింది. చిన్నబిడ్డ వస్తే ఫోము పరుపు మీద వేయడానికి, మామ చేన్లోకి పోతే భుజాన వేసుకుపోవడానికి.

వారం తర్వాత నేనే ఫోను చేశాను.

"మొదాలు ఎవరు పన్నరత్తా?"

"ఎవ్వలు పండలే. మీ మామ కిందనే పంటుండు. కొత్త పరుపు ఖరాబైతదట, బిడ్డ వచ్చెదాక ఎవ్వలు ముట్టొద్దంటుండు."

"మరి ప్లాస్టిక్ కవరు తీసిన్రా?"

"గదెందుకు తీస్తం బిడ్డా? మట్టి గాదా?"

ఆదివారం పొద్దున బస్సెక్కుతున్నాను. చేసంచిలో కత్తెర ఉంది.